తంగేడు ఎవరిది?

పోయినేడు సద్దుల బతుకమ్మ నాడు పొద్దున ఆరింటికి లేచి వాకిట్లోకి వచ్చేసరికి మా తంగేడు చెట్టు బోడిగా ఉంది. ముందురోజు రాత్రి హైదరాబాద్ నుంచి కరీంనగర్‌లోని మా ఇంటికి చేరినప్పుడు, గేటు లైటు వెలుతురులో నిండా పూసి కనిపించిన చెట్టు. మూడేళ్ళు కష్టపడితే నిలబడ్డ చెట్టు. గోడ మీదుగా బయటికి వంగిన కొమ్మల్లో ఒక్క పువ్వు లేదు. లోపలి వైపు, అడుగున, నాలుగు గుత్తులు మాత్రం మిగిలాయి.

నాకు కోపం వచ్చింది. దాచుకోవడానికి ఏం లేదు, గట్టిగానే వచ్చింది. వీధిలో సీసీ కెమెరా ఎవరింటికి ఉందా అని కూడా ఒక క్షణం ఆలోచించాను. "ఎవలో దొంగలు పడ్డరమ్మా" అన్నాను.

అమ్మ ముగ్గు వేస్తూ తలెత్తకుండానే అంది: "తంగేడు పూలకు దొంగలేందిరా?"

ఏడాదిగా ఆ మాట నన్ను వదలడం లేదు. గుట్టల మీద, బీళ్ళలో దానంతటది పూసే మొక్కను తెచ్చి నా గోడ లోపల పెంచితే అది నాదవుతుందా? అయితే, ఏ రోజు నాదయింది? కాకపోతే, ఆ పొద్దున నా కోపం దేనికి? చిన్న ప్రశ్నే. కానీ లాగుతూ పోతే దాని వెనక చాలా దూరం వేరు ఉంది.

*

ముందు ఆ చెట్టు సంగతి చెప్పాలి.

అమ్మా బాపూ ఊరి చివర లేఔట్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు వరండాకూ గోడకూ నడుమ పదడుగుల మట్టి మిగిలింది. అక్కడేం పెడదామంటే నేను తంగేడు అన్నాను. బాపు నవ్వాడు. "ఇంట్ల తంగేడు పెట్టుకుంటరార ఎవలన్న?" నర్సరీకి పోయి అడిగితే అక్కడి పిల్లాడు "బతుకమ్మ పువ్వా సార్? అదెవరు కొంటరు?" అని టెకోమా చూపించాడు. ఇదీ పచ్చగనే పూస్తది, ఏడాదంతా పూస్తది అన్నాడు. అతని తప్పేం లేదు. 2014 నవంబరులో తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు గానీ, రాష్ట్ర పుష్పం అయినంత మాత్రాన కొనేవాళ్ళు పుట్టుకురారు కదా.

ఆ డిసెంబరులో ఆదిలాబాద్‌లో దోస్తు పెళ్ళికి పోయి వస్తూ, నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్‌లో బండి ఆపి, రోడ్డు పక్క పొదల నుంచి ఎండిన కాయలు తెంపుకున్నాను. కాగితంలా పల్చటి కాయలు. లోపల ఒక్కో గింజకు ఒక్కో చిన్న గది. జేబు నిండా నింపుకున్నాను. ఎవర్నీ అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు. ఈ సంగతి దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇంటికొచ్చి ముప్పై గింజలు నానబెట్టి నాటితే మొలిచినవి రెండు. తంగేడు గింజ పైపెంకు చాలా గట్టిది, నీళ్ళను లోపలికి రానివ్వదు. మొదట్లో విసుక్కున్నాను గానీ, ఆలోచిస్తే అందులో ఒక లెక్క ఉంది. తొలి వానకే గింజలన్నీ మొలిచి, తర్వాత నెల రోజులు వాన మొహం చాటేస్తే వంశం మొత్తం పోతుంది. అందుకే కొన్ని ఈ ఏడు, కొన్ని వచ్చే ఏడు. మన నేలలో వానను నమ్మనిదే బతుకుతుంది. రెండోసారి గింజల్ని గరుకు కాగితం మీద రుద్ది, వేడినీళ్ళు పోసి రాత్రంతా వదిలేస్తే సగం పైగా మొలిచాయి. సంచుల్లో పెంచి, జానెడు ఎత్తు రాగానే నేలలోకి మార్చాను. వరసగా చచ్చిపోయాయి. తంగేడు తల్లివేరు ముందు కిందికి పోయి, ఆ తర్వాత పైకి పెరుగుతుంది. సంచిలో ఆ వేరు మెలి తిరిగిపోయింది.

ఇంకో తప్పు నీళ్ళు. హైదరాబాద్ నుంచి రోజూ ఫోన్ చేసి "నీళ్ళు పోసినవా అమ్మా" అని అడిగేవాణ్ణి. పాపం పోసేది. ఆకులు పసుపుబారి రాలేవి. "నువ్వు పెంచుతున్నవు గనకనే సస్తుందిరా అది" అంది ఒకనాడు. మూడోసారి గింజలు నేరుగా మట్టిలోనే వేసి, ఆ వానాకాలం దాటాక పట్టించుకోవడం మానేశాం. ఒక్కటి నిలబడింది. మరుసటేడు ఛాతీ ఎత్తుకు వచ్చి పూసింది.

పూశాక దగ్గర కూర్చుని చూశాను. తంగేడు పువ్వులో తేనె ఉండదు. వచ్చే తుమ్మెదకు ఇచ్చేది పుప్పొడి ఒక్కటే, అదీ తేలిగ్గా ఇవ్వదు. కేసరాల కొసన సన్నటి రంధ్రాలుంటాయి. తుమ్మెద పువ్వును పట్టుకుని ఒళ్ళంతా గజగజ వణికిస్తే, ఆ అదురుకు పుప్పొడి చిమ్ముతుంది. ఆ చప్పుడు మామూలుగా ఎగిరేటప్పటి చప్పుడు కాదు, ఇంకో శ్రుతిలో ఉంటుంది. వరండాలో లాప్‌టాప్ ముందు కూర్చుని మీటింగులో ఉన్నా వినిపించేది. సెప్టెంబరులో పసుపు, లేతాకుపచ్చ సీతాకోకలు వచ్చి గుడ్లు పెట్టాయి. పురుగులు ఒక కొమ్మ ఆకులన్నీ తినేశాయి. నేను మందు కొట్టలేదు. అప్పటికి నాకు కొంచెం బుద్ధి వచ్చింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పోయినేటి ఆ పొద్దున నా కోపం వెనక ఇంత లెక్క ఉంది. ఇన్ని గింజలు, ఇన్ని ఫోన్లు, ఇన్ని వారాలు. కష్టపడినవాడిదే ఫలం కదా అన్న లెక్క.

*

అసలు తంగేడే ఎందుకు? స్నేహితులు అడిగితే "మన నేటివ్ మొక్క కదా" అనేవాణ్ణి. ఈ మాట ఇప్పుడు మా తరంలో చాలామంది అంటున్నారు. మంచి మాటే. రోడ్ల నడుమ, పార్కుల్లో వరసగా నాటిన కోనోకార్పస్‌ను చూస్తే ఈ మాట ఎందుకు అవసరమో తెలుస్తుంది. అమెరికా ఖండాల తీరాల్లో, పశ్చిమాఫ్రికా తీరంలో మడ అడవుల సరసన పెరిగే చెట్టది. తొందరగా పచ్చగా కనిపిస్తుందని సముద్రమే లేని మన దగ్గర ఊరూరా నాటాం. తర్వాత ప్రభుత్వమే ఇక నాటొద్దంది.

కానీ "నేటివ్" అన్న మాటను కొంచెం గట్టిగా పట్టుకుంటే జారిపోతుంది. బతుకమ్మనే తీసుకోండి. అడుగున తంగేడు, పైన గునుగు, ఆ పైన బంతి, కొందరు గుమ్మడిపువ్వు కూడా పెడతారు. బంతి మెక్సికో పువ్వు. గుమ్మడి పుట్టిల్లూ అమెరికా ఖండాలే. పోర్చుగీసువాళ్ళు సముద్రం దాటి రాకముందు మన పెరళ్ళలో ఈ రెండూ లేవు. నాలుగైదు వందల ఏళ్ళలో వచ్చి, తంగేడు పక్కన కూర్చుని, గౌరమ్మ చుట్టూ తిరిగే పాటల్లో కలిసిపోయాయి. వాటిని లేపి పంపేవాళ్ళు ఎవరూ లేరు, ఉండకూడదు కూడా.

ఇక తంగేడు తెలంగాణదేనా అంటే, దానికి మన సరిహద్దుల సంగతి తెలియదు. దక్షిణ భారతమంతా ఉంది. పైన మరాఠీలో తర్వడ్, కింద తమిళంలో ఆవారం. సముద్రం దాటితే శ్రీలంకలో రణవర అంటారు, పూలు ఎండబెట్టి మరిగించి తాగుతారు. ఆ దీవిలో పెరట్లో రణవర పెంచుకునేవాడికి కూడా అది "మా మొక్క"యే. 1753లో లిన్నేయస్ దీనికి శాస్త్రీయనామం పెడుతూ, ఆకుకాడ మొదట్లో చెవి తమ్మెల్లాంటి రేకుల్ని చూసి "చెవులున్నది" అని అర్థం వచ్చే మాట వాడాడు. తర్వాత దాన్ని సెన్నా జాతిలోకి మార్చింది రాక్స్‌బర్గ్. ఆయన కోస్తాలో సామర్లకోట దగ్గర తోట వేసుకుని ఏళ్ళపాటు తెలుగు నేల మొక్కలు చూసినవాడు. ఊళ్ళవాళ్ళు ఏ మొక్కను ఏమంటారో తెలుగు పేర్లు అడిగి రాసుకున్నవాడు. ఒక్క మొక్కకు ఇంతమంది "మావాళ్ళు" ఉన్నారు.

కాబట్టి పుట్టుక ఒక్కటే కారణమైతే నా తంగేడు ప్రేమకు పెద్ద విలువ లేదు. పుట్టుకను బట్టి గౌరవం ఇవ్వడం మనుషుల విషయంలో ఎంత తప్పో మనకు తెలుసు. మొక్కల విషయంలో అదే పని చేసి మురిసిపోతే ఎక్కడో తేడా కొడుతోంది. కోనోకార్పస్ మీద అభ్యంతరం అది పరాయిది కావడం కాదనుకుంటాను. అడక్కుండా, ఆలోచించకుండా, ఒక్క దాన్నే లక్షల్లో నాటడం అసలు తప్పు. రేపు మీడియన్లన్నిటా తంగేడునే బారులు తీర్చి కత్తిరిస్తే, అదీ ఇంచుమించు అంతే తప్పు.

మరి నాకు తంగేడు మీద అంత ఇష్టం దేనికి? వెనక్కి పోయి చూస్తే, చిన్నప్పుడు దాన్ని తెంపిన తీరు గుర్తొస్తుంది. చేతిలో సంచి, తోడు అక్క, ఇంకో పదిమంది పిల్లలు. ఊరవతల బంచరాయి దాకా ఉరుకుడే. ఎవరి చెట్టని అడిగేవాళ్ళు లేరు. ముందు పోయినవాడికి ఎక్కువ, వెనక పోయినవాడికీ తక్కువేం కాదు. ఇష్టం పువ్వు మీదే కాదు, ఆ అడగనక్కర్లేనితనం మీద కూడా.

*

ఆ బంచరాయి ఇప్పుడు లేదు. మానకొండూరు అవతల మా ఊళ్ళో ఇప్పుడది వరిమళ్ళు. కాలువ నీళ్ళు, బోర్లు, 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు. ఒడ్డు కూడా సన్నబడింది. గట్ల మీద మిగిలే గునుగు గడ్డిమందుకు పోయింది. గుట్టల్ని గ్రానైట్ తీసుకుంది. కరీంనగర్ టాన్ బ్రౌన్ రాయి దేశదేశాల వంటింటి గట్లకు పోతుంది. గుట్ట పోతే గుట్ట ఒడిలో ఉన్న తంగేడూ పోతుంది. ఆదిలాబాద్ దిక్కు గుట్టల వాలుల్లో ఇంకా కనిపిస్తుంది గానీ, రేగడి నేలంతా రోడ్డు అంచు దాకా పత్తే.

ఈ బాధంతా ఒకసారి మా చిన్నాయిన దగ్గర వెళ్ళబోసుకున్నాను. ఆయన ఓపికగా విని అన్నాడు: "తంగేడు కావాల్నంటే భూమి పడావు పడాలె బిడ్డా. పడావు భూములు మేం సూసినం. నువ్వు సూడలే."

నా నోరు మూతపడింది. నిజమే. నేను పసుపు రంగు చూసిన చోట ఆయన నీళ్ళు లేని పదిహేనేళ్ళను చూస్తున్నాడు. బొంబాయికి, దుబాయికి బస్సెక్కిన తన ఈడువాళ్ళను చూస్తున్నాడు. తంగేడు బీళ్ళలో అంత విస్తారంగా ఉండడానికి ఒక కారణం పశువులు దాన్ని ముట్టకపోవడం. తినదగ్గవన్నీ మేసేశాక మిగిలేది అదే. అంటే బీడు ఎంత బీదదైతే తంగేడు అంత ఒత్తుగా ఉంటుంది. వరి వచ్చి తంగేడు పోయిందంటే ఆయనకది శుభవార్త. నెలనెలా జీతం పడే నేను, సెలవుల్లో చూసి మురవడానికి ఆయన భూమి బీడుగా ఉండాలనుకోవడం ఏం ధర్మం?

అయితే పూర్తిగా ఆయన పక్షానికీ పోలేకపోయాను. బంచరాయి అంటే ఒట్టి బీడు కాదు. భూమిలేనివాళ్ళ గొర్రెలు, పుల్లలు, తోముపుల్లలు, మందాకులు అక్కడివే. ఎన్.ఎస్. జోధా అనే ఆర్థికవేత్త దేశంలోని మెట్ట ప్రాంతాల పల్లెల్ని చూసి 1986లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. 1950ల మొదటి నుంచి మూడు దశాబ్దాల్లో అక్కడి ఉమ్మడి భూములు ఇంచుమించు మూడో వంతు నుంచి సగం పైదాకా తగ్గాయని అందులో తేల్చాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. పేదలకు పంచడం అన్న పేరుతో ఉమ్మడి భూముల్ని విడగొట్టారు గానీ, అందులో ఎక్కువ భాగం చేరింది పేదలు కానివాళ్ళకే. చిన్నాయినకు వరి వచ్చింది, ఎందుకంటే ఆయనకు మూడెకరాలున్నాయి. బంచరాయి మీద బతికినవాళ్ళకు ఏమొచ్చిందో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

*

ఆ ఉమ్మడిని తలచుకుని మురిసిపోతే ఇంకో పక్క మరుగున పడుతుంది. తంగేడు పువ్వు గౌరమ్మకు పోయేది. దాని బెరడు ఎక్కడికి పోయేది?

లందకు. ఊరవతల మాదిగవాడలో తోలు ఊనే గుంతకు. తంగేడు చెక్కలో ఉండే వగరు పచ్చితోలును కుళ్ళిపోకుండా చెప్పుగా, మోట తొండంగా మారుస్తుంది. ఇంగ్లీషులో దీనికి ఉన్న వాడుక పేరు కూడా ఆ పనిని బట్టే వచ్చింది, పువ్వును బట్టి రాలేదు. ఊరి వ్యవసాయం మొత్తం ఆ తోలు మీద నడిచింది. బెరడు కొట్టి, నానబెట్టి, ఆ కంపును భరించినవాళ్ళను మాత్రం ఊరు దూరం పెట్టింది. ఒకే పొద. పువ్వు గుడి వైపు, చెక్క వాడ వైపు. మా ఊళ్ళో బతుకమ్మలు కూడా చాలాకాలం రెండు చోట్ల ఆడారు. చిన్నప్పుడు నాకది వింతగా అనిపించలేదు. ఇప్పుడు, అనిపించకపోవడమే వింతగా ఉంది.

అంటే "అందరిదీ" అని నేను గుర్తు చేసుకుంటున్న చోట కూడా అందరూ ఒక్కతీరుగా లేరు. పువ్వు తెంపడానికి అడగనక్కర్లేదు, నిజమే. ఆ పువ్వుతో ఎక్కడ ఆడాలో మాత్రం ముందే రాసిపెట్టి ఉంది. తంగేడు ఎవరిదన్న ప్రశ్నకు పాత ఊరి దగ్గర రెడీమేడ్ జవాబు ఉందనుకోవడం మోసం.

*

ఇక ఆ సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం.

మా వీధి చివర అప్పుడు ఒక అపార్ట్‌మెంట్ కడుతున్నారు. దాని ముందు ఖాళీ ప్లాటులో వీధి ఆడవాళ్ళంతా బతుకమ్మలు పెట్టారు. మార్కెట్లో కొన్న పూలవే ఎక్కువ. కిలోల లెక్కన బంతి, చామంతి, కట్టల లెక్కన రంగులద్దిన గునుగు. ఆ నడుమ ఒక్కటి మాత్రం చిన్నది, నిండా తంగేడుతో పేర్చింది. చూడగానే తెలిసిపోయింది. పెట్టింది ఆ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య. పక్కన ఏడెనిమిదేళ్ళ బిడ్డ, కొత్త గౌనులో.

నేను దగ్గరికి పోయాను. ఏం అడగాలనుకున్నానో నాకే తెలియదు. "ఈ తంగేడు యాడ దొరికిందమ్మా?" అన్నాను, తెలియనట్టు.

ఆమె ఏ జంకూ లేకుండా మా ఇంటి వైపు చెయ్యి చూపించింది. "గా గోడ మీదికెళ్ళి బయటికి వంగింది గద సారూ. తెల్లారగట్ల తెంపిన. మా దిక్కు గుట్ట నిండ ఉంటది. ఈడ యాడ సూసిన కానరాలే. అది ఒక్కటే కనవడ్డది." ఆదిలాబాద్ దిక్కు ఊరట వాళ్ళది.

"అది మా ఇల్లేనమ్మా" అన్నాను.

ఆమె మొహం కొంచెం మారింది. భయం కాదు. నేనేదో అనకూడని మాట అన్నట్టు చూసింది. "తంగేడే గద సారూ" అంది. ఒక్క నిమిషం ఆగి, "గులాబి పువ్వైతే అడుగకుంట తెంపుతనా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. బిడ్డ బతుకమ్మ బాగుందని చెప్పి వచ్చేశాను.

*

కోడ్ రాసే వృత్తి నాది. ఒక వేరియబుల్‌ను నేను ఒక ఫైల్లో మారిస్తే, అది మారిందని తెలియని ఇంకో ఫైల్ పాత విలువనే నమ్ముకుని నడుస్తూ ఉంటుంది. తప్పు ఆ రెండో ఫైల్‌ది కాదు. నేను చేసింది అలాంటి పనే. మన దగ్గర మొక్కలకు రెండు జాబితాలున్నాయి, ఎవరూ రాయకపోయినా. అడిగి తెంపేవి, అడగకుండా తెంపేవి. గులాబీ, మల్లె, మందారం మొదటి జాబితా. తంగేడు, గునుగు, గడ్డిపూలు రెండోది. నేను తంగేడును ఎవరికీ చెప్పకుండా రెండో జాబితా నుంచి తీసి మొదటి దాంట్లో పెట్టుకున్నాను. ఆమె పాత జాబితా ప్రకారం నిజాయితీగా నడుచుకుంది.

జాన్ లాక్ అనే ఇంగ్లీషు తత్వవేత్త 1689లో ఈ ప్రశ్ననే వేసుకున్నాడు. అడవిలో చెట్టు కింద రాలిన కాయ ఏరుకున్నవాడికి అది ఎప్పుడు సొంతమైంది? తిన్నప్పుడా, వండినప్పుడా, ఇంటికి తెచ్చినప్పుడా? ఏరిన క్షణంలోనే అంటాడాయన. అందరిదైన దానిలో తన శ్రమను కలపగానే అది తనదైందని. ఆస్తి హక్కు మీద ఇవాళ్టికీ మనం చేసే వాదనల్లో చాలా వరకు ఈ కొమ్మకు పూసినవే. నా లెక్క కూడా ఇదే కదా: గింజ నేను తెచ్చాను, గరుకు కాగితం మీద నేను రుద్దాను, కాబట్టి నాది.

కానీ ఆ వాదంలోనే నాకు ఎదురొచ్చే రెండు సంగతులున్నాయి. మొదటిది, ఏరినవాడిదే అయితే, ఆ తెల్లవారుజామున చీకట్లో లేచి తెంపిన శ్రమ ఆమెది. మహబూబ్ ఘాట్‌లో నేను అడగకుండా జేబు నింపుకుని అది నా శ్రమ అనుకున్నాను. ఆమె అడగకుండా కొంగు నింపుకుంటే దొంగతనం అన్నాను. నడుమ ఉన్న తేడా ఏమిటి? నా గోడ. నేను కష్టపడి పెంచాను కదా అంటే, ఆ పెంపకంలో నిజంగా మొక్కకు పనికొచ్చింది నేను మానుకున్న పని. నీళ్ళు మానాకే బతికింది, సంచి మానాకే వేరు పట్టింది. చేయకపోవడాన్ని శ్రమగా ఎట్లా లెక్కగట్టాలి?

రెండోది ఇంకా ముఖ్యం. లాక్ ఒక షరతు పెట్టాడు. నువ్వు తీసుకున్నాక మిగతావాళ్ళకు కూడా సరిపడా, అంతే మంచిది మిగలాలి. మా బంచరాయిలో ఆ షరతు దానంతటదే నెరవేరేది. వంద పొదలుంటే పది తెంపినా ఎవరికీ తెలియదు. అందుకే అక్కడ అడగడం అవసరం రాలేదు, దొంగతనం అన్న మాట పుట్టలేదు. మా లేఔట్‌లో తంగేడు ఒక్కటే ఉంది. ఒక్కటే ఉన్నచోట తెంపిన ప్రతి పువ్వూ ఎవరికో ఒకరికి తగ్గినట్టే. పువ్వు మారలేదు, తెంపే చెయ్యీ మారలేదు. చుట్టూ మిగిలినవి లేకుండా పోయాయి. నా కోపం నిజానికి ఆ లేకపోవడం మీద రావలసింది. అది కంటికి కనపడదు కాబట్టి, కనపడ్డ మనిషి మీదికి పోయింది.

లాక్ గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. దున్నని భూమిని ఆయన వృథా అన్నాడు. అమెరికాలో అక్కడివాళ్ళ నేలను "దున్నడం లేదు" అన్న సాకుతో ఆక్రమించుకోవడానికి ఆ వాదం బాగా పనికొచ్చింది. మన రెవెన్యూ రికార్డుల్లో బంజరు అన్న మాట చదివినప్పుడల్లా నాకు అది గుర్తొస్తుంది. మా లేఔట్ కూడా ఒకప్పుడు ఏదో ఒక కాగితం మీద "పనికిరాని" నేలే. బహుశా తంగేడు పూసిన నేలే. నేను కొత్తగా తెచ్చి పెట్టాననుకున్న మొక్క, నాకన్నా ముందు ఇక్కడ ఉండి, మా ఇంటి పునాది కోసం లేచిపోయింది కావచ్చు. అట్లాంటప్పుడు ఎవరు ఎవరి స్థలంలో ఉన్నట్టు?

*

ఈ ఆలోచనలన్నిటి తర్వాత నేను చేసిన పని చాలా చిన్నది. ఆ శీతాకాలం మా చెట్టు కాయలన్నీ ఎండబెట్టి, గింజల్ని గరుకు కాగితం మీద రుద్ది, మొన్నటి తొలకరికి గోడ బయట, లేఔట్ పార్కు అని బోర్డు ఉన్న ఖాళీ జాగా అంచున, రోడ్డు పక్క మొరంలో చల్లాను. నీళ్ళు పోయలేదు. కంచె కట్టలేదు. ఇరవై దాకా మొలిచాయి. డ్రైనేజీ కోసం తవ్విన జేసీబీ కొన్నిటిని తీసింది. ఇప్పటికి తొమ్మిది ఉన్నాయి, మోకాలెత్తు. వీటికి ఇంకా పూలు రాలేదు. వచ్చే ఏటికి రావచ్చు. దీంతో బంచరాయి తిరిగొస్తుందని నాకు భ్రమ లేదు. తొమ్మిది పొదలు ఉమ్మడి కావు. చిన్నాయిన పొలం బీడుపడక్కర్లేకుండా, ఎవరూ అడగనక్కర్లేని పువ్వు ఒక నాలుగడుగుల మొరంలోనన్నా ఉండొచ్చా అని చూస్తున్నాను, అంతే.

బాపు రోజూ నడకకు పోతూ వాటిని లెక్కపెడతాడట. "నీ పొదలు తొమ్మిది ఉన్నయ్" అని ఫోన్లో చెప్తాడు. "నావి కాదు బాపు" అంటాను. "మరెవలియి?" అంటాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ ఒక్క మాటలో జవాబు లేదు.

అపార్ట్‌మెంట్ పని ఈ వేసవిలో అయిపోయింది. వాచ్‌మన్ కుటుంబం ఇంకో సైటుకు పోయింది. ఏ ఊరని అడిగితే వీధిలో ఎవరూ చెప్పలేకపోయారు. ఫ్లాట్లలోకి కొత్తవాళ్ళు వచ్చారు.

ఈ ఏడు సద్దులకు ముందురోజు సాయంత్రం నేను ఇంట్లోనే ఉన్నాను. గేటు బెల్లు మోగింది. ఆ ఫ్లాట్లలోంచి పదిహేనేళ్ళ అమ్మాయి ఒకతి, చేతిలో స్టీలు గిన్నె పట్టుకుని, చాలా మర్యాదగా అడిగింది: "అంకుల్, మీ తంగేడు పూలు కొన్ని తీసుకోవచ్చా?"

నాకింకా నలభై రాలేదు. కానీ ఆ పిలుపుకు నొచ్చుకోలేదు. "మీ" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మంచి పిల్ల. తల్లిదండ్రులు పద్ధతిగా పెంచారు. తీసుకో తల్లీ, ఎన్ని కావాలంటే అన్ని, అన్నాను. ఆమె జాగ్రత్తగా, కొమ్మ విరగకుండా, ఒక్కో గుత్తి తెంపుకుని థ్యాంక్స్ చెప్పి వెళ్ళింది.

అమ్మ వరండాలో కూర్చుని గునుగుకు రంగు వేస్తోంది. అంతా చూసింది. "అడిగి తీస్కపాయె" అంది. మెచ్చుకుందో, బాధపడిందో ఆ గొంతులో నాకు తెలియలేదు.